ఎడమ వెనక చక్రం

ఆ కారుకి వెనక చక్రాలకి కూడా డిస్కు బ్రేకులుండేవి. తొంభైల్లో బిలాస్‌పూర్‌లో ఈ మాట అంటే మెకానిక్కులు నవ్వేవాళ్ళు. "వెనకాల డ్రమ్ములుంటాయి మేడమ్" అని నాకే పాఠం చెప్పేవాళ్ళు. చక్రం ఊడదీసి చూపిస్తే ఒకసారి వంగి చూసి, చేతులు తుడుచుకుని, రాయ్‌పూర్ తీసుకెళ్ళమనేవాళ్ళు. కోర్బా పవర్ ప్లాంటు పనికి వచ్చిన ఒక విదేశీ ఇంజనీరు తన దేశం వెళ్ళిపోతూ అమ్మేసిన బండి అది. నా జీతంతో నేను కొన్నాను. కారుతో పాటు ఒక పెట్టెడు స్పేరు పార్టులు, ఇటుకంత మందాన ఇంగ్లీషు పుస్తకం ఒకటి ఇచ్చాడు. ఆ పుస్తకాన్ని మా ఇంట్లో చదివినదాన్ని నేనొక్కదాన్నే.

నేను మస్తూరీలో బ్యాంకు గుమస్తాని. రోజూ రైల్వే కాలనీ నుంచి మస్తూరీ వెళ్ళి రావాలి. ముప్పై దాటాక డ్రైవింగ్ నేర్చుకున్నాను. మా క్వార్టర్ల వరసలో స్టీరింగు పట్టుకున్న మొదటి ఆడదాన్ని నేనే. నేను కారు తీస్తుంటే వరసంతా గుమ్మాల్లోకి వచ్చి నిలబడేది. మెచ్చుకోవడానికి కాదు, ఎప్పుడు గోడకి గుద్దుతానా అని. ఏడాదిన్నర గుద్దలేదు. ఒక్క తప్పు చేస్తే చాలు, కారు తాళం నా చేతిలోంచి పోతుందని నాకు తెలుసు. అందుకే ఇంట్లో ఎవరికీ లేని జాగ్రత్త నాకుండేది.

మా ఆయన గూడ్సు డ్రైవరు, బొగ్గు బళ్ళ మీద డ్యూటీ. మా బావగారు, అంటే మా ఆయన అన్నయ్య, లోకో షెడ్డులో ఫిట్టరు. పక్కపక్క క్వార్టర్లు, పెరడు ఒకటే. వాళ్ళ తాతగారు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడ రైల్వేలో చేరిన దగ్గర్నుంచీ ఆ ఇంట్లో ఏ ఆచారాలు మారినా ఒకటి మాత్రం మారలేదు. తమ్ముడి పెళ్ళాం బావగారితో ఎదురుగా మాట్లాడకూడదు. ఆయనా మాట్లాడరు. నేను పక్కనే నిలబడి ఉన్నా సరే, "ఒరే తమ్ముడూ, టీలో పంచదార ఎక్కువైందని మీ ఆవిడికి సెప్పు" అంటారు. మా ఆయన నా వైపు తిరిగి, "టీలో పంచదార ఎక్కువైందట" అంటారు. నేను, "రేపటి నుంచి తగ్గిస్తానని చెప్పండి" అంటాను. ముగ్గురం మూడు జానల దూరంలోనే ఉంటాం. పదకొండేళ్ళు ఈ నాటకం ఆడాను. కొత్తలో నవ్వొచ్చేది, తర్వాత అలవాటైపోయింది.

ఆ చలికాలంలో వెనక బ్రేకు నుంచి కీచుమని చప్పుడు మొదలైంది. బావగారు విని, "ఆదివారం నాను సేసేస్తాను. ఇంజన్లకే సేస్తన్నాం, ఇదేటి" అన్నారు. పనిలో ఆయనకి మంచి పేరుంది, నేను కాదనను. కానీ ఈ బ్రేకు ఆయనకీ కొత్తే.

చక్రంతో పాటు ఒక ఇనప పళ్ళెం తిరుగుతుంది. దాన్ని రెండు వైపులా పట్టుకునే ఇనప ముద్ద పేరు కాలిపర్. దాని లోపల ఒక పిస్టన్, పిస్టన్ చుట్టూ ఉంగరంలాంటి రబ్బరు సీలు. పెడలు తొక్కితే పిస్టన్ ముందుకొచ్చి పళ్ళేన్ని నొక్కుతుంది, వదిలితే ఆ రబ్బరే దాన్ని వెనక్కి లాగుతుంది. ముందు చక్రాలకైతే పిస్టన్‌ని నొక్కితే లోపలికి పోతుంది. వెనక వాటిలో హ్యాండ్‌బ్రేకు కూడా దానిలోనే కలిసి ఉంటుంది కాబట్టి నొక్కకూడదు, స్క్రూలా తిప్పాలి. పుస్తకంలో ఇది పెద్దక్షరాల్లో ఉంది. దాని కిందే ఇంకా పెద్దక్షరాల్లో ఇంకొకటుంది. ఆ రబ్బరుకి కిరసనాయిలు, డీజిలు, మామూలు గ్రీజు తగలకూడదు. తగిలితే ఉబ్బుతుంది. ఉబ్బిందంటే పిస్టన్ వెనక్కి రాదు. కడగాలంటే స్పిరిట్‌తోనే కడగాలి.

షెడ్డులో అన్నీ కిరసనాయిల్లో ముంచే కడుగుతారని నాకు తెలుసు. అందుకే ముందురోజే మందుల షాపులో స్పిరిట్ సీసా కొన్నాను. ఆదివారం పొద్దున బావగారు జాకీ ఎత్తి, పాత రైలు స్లీపరు చెక్క ముక్క కింద పెట్టి, ఎడమ వెనక చక్రం విప్పుతుంటే, నేను వంటింట్లో మా ఆయన్ని ఆపి సీసా చేతిలో పెట్టాను.

"రెండు మాటలు చెప్పండి. పిస్టన్ నొక్కొద్దు, తిప్పాలి. రబ్బరుకి కిరసనాయిలు తగలకూడదు, ఈ స్పిరిట్‌తో కడగాలి. గుర్తుంటుందా?"

"ఉంటదిలే. రెండు ముక్కలేగా."

వంటింటి కిటికీలోంచి చూశాను. బావగారు పిస్టన్‌ని నొక్కబోయి ఆగారు. మా ఆయన ఏదో అన్నారు. బావగారు దాని ముఖం మీది గాడి చూసి, తలూపి, ప్లయరు మొనలు పెట్టి తిప్పారు. హమ్మయ్య అనుకున్నాను. తర్వాత పొయ్యి మీద పప్పు పొంగింది, కిటికీ వదిలేశాను. కాసేపటికి మా ఆయన లోపలికొచ్చి జేబులోంచి స్పిరిట్ సీసా తీసి అటక మీద పెట్టారు. మూత కూడా తీయలేదు.

"అదేంటి, వాడలేదా?"

"సెప్పాను. అన్నయ్యకి తెలుసులే, అక్కర్లేదన్నాడు."

నాకు ఒళ్ళు మండింది. చదివిన మనిషి చెబుతుంటే వినకపోవడం ఏం గొప్ప? కానీ ఎవరితో అనను? అనాల్సిన మనిషితో నేను మాట్లాడకూడదు. మధ్యాహ్నానికి బావగారికి షెడ్డు నుంచి కబురొచ్చింది. ఎడమ చక్రం బిగించేసి, కుడిది తర్వాత చూద్దామని వెళ్ళిపోయారు. పెరట్లో కిరసనాయిలు డబ్బా, నల్లటి గ్రీజు ముద్ద అలాగే ఉన్నాయి. నేనే ఎత్తి మూలన పెట్టాను.

అయిదు రోజులు బ్రేకు బాగా పట్టింది. కీచుమన్న చప్పుడూ పోయింది. బావగారు పెరట్లో నిలబడి, "సూసినావురా? పుస్తకాలు సదివితే బళ్ళు నడుస్తాయేటి?" అన్నారు, నాకు వినపడేట్టు. మా ఆయన నవ్వారు. శనివారం మా ఆయనకి రెస్టు. బ్యాంకు ఒక పూటే కాబట్టి, మస్తూరీలో ఒక రైతు దగ్గర కొత్త బియ్యం బస్తా తెచ్చుకోవచ్చని నాతో వచ్చారు.

తిరిగి వస్తుంటే బండి బరువుగా లాగింది. బస్తా వల్లనుకున్నాను. దారిలో రైలు గేటు దగ్గర మా ఆయన అలవాటు ప్రకారం చెయ్యి చాపి, "గేటు ఓపెన్" అని గట్టిగా చెప్పారు. ఇంజన్లో అంతే. దూరాన సిగ్నల్ కనపడగానే అసిస్టెంటు రంగు పైకి చెప్పాలి, డ్రైవరు అదే మాట తిరిగి అంతే గట్టిగా చెప్పాలి. ఇద్దరి నోటా వినపడితేగానీ చూసినట్టు కాదు. ఆయన అలా నా కారులో కూడా అరుస్తుంటే నాకు ముద్దొచ్చేది. ఇవాళ తలుచుకుంటే పళ్ళు కొరుక్కోవాలనిపిస్తుంది.

గేటు దాటిన కాసేపటికి మాడు వాసన వచ్చింది. అద్దంలో చూస్తే వెనక ఎడమ పక్క పొగ. బండి పక్కకి తీసి ఆపాను. ఇద్దరం దిగాం. మా ఆయన కుడి చక్రం మీద అరచెయ్యి పెట్టారు. ఇటొచ్చి ఎడమ చక్రం దగ్గరికి చెయ్యి తీసుకెళ్ళి చటుక్కున వెనక్కి తీశారు. మళ్ళీ కుడి వైపు వెళ్ళి చూశారు. ఇంజన్ దిగినప్పుడల్లా డ్రైవర్లు చేసే పనే. తర్వాత కారులోకి వంగి హ్యాండ్‌బ్రేకు చూశారు. పూర్తిగా కిందే ఉంది. ఆయన జేబులోంచి చిన్న నోటుబుక్కు తీసి ఏదో రాసుకున్నారు. ప్రతి ట్రిప్పులో ఏం జరిగినా రాసుకునే అలవాటు, నేను పట్టించుకోలేదు. ఎడ్లబండి తోలుకొస్తున్న ఒక ముసలాయన ఆగి చూసి, "చక్కా జామ్ హోగే హే దీదీ" అని చెప్పి వెళ్ళాడు. చక్రం బిగుసుకుపోయిందని అతనికీ తెలిసింది.

చల్లారే దాకా ఆగి, మెల్లగా, నాలుగు చోట్ల ఆపుకుంటూ ఇంటికి చేరాం. ఇంకా పొద్దు ఉంది. బావగారు పెరట్లోనే ఉన్నారు. వాసన చూసి, చక్రం చూసి, ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

"హ్యాండ్‌బ్రేకు దించకుండా తోలీసినట్టుంది, మీ ఆవిడ."

నేను మా ఆయన వైపు చూశాను. ఆయన బస్తా దించుతున్నారు.

"దించే తోలాను. పక్కనే కూర్చున్నారుగా, చెప్పండి" అన్నాను.

ఆయన బస్తా భుజానికెత్తుకుని లోపలికి వెళ్ళిపోయారు. బస్తా బరువు వల్ల మాట్లాడలేదని అనుకోవడానికి నాకు ఒక నిమిషం దొరికింది. బియ్యం పోసి, చేతులు దులుపుకుని, బయటికొచ్చి కూడా మాట్లాడలేదు.

"పొరపాటులు అవుతాయి. ఆడోళ్ళకి కాళ్ళూ సేతులూ ఒకేసారి ఆడవు" అన్నారు బావగారు, జాలిగా. ఆ జాలి మరీ పుండు మీద కారం. "కొన్నాళ్ళు తాళం నా కాడ ఉంటదని సెప్పు."

చెప్పారు. ఆ మాట మాత్రం ఒక్క అక్షరం పొల్లు పోకుండా చేరవేశారు. "తాళం అన్నయ్య దగ్గర ఉంటదట" అన్నారు నా ముఖం చూడకుండా. తాళం మేకు మీంచి తీసి ఆయనే ఇచ్చారు.

సోమవారం నుంచి బస్సు. మొదటి రోజే వరసంతా తెలిసిపోయింది. మా తోటికోడలు మంచిదే, కానీ నోరు ఆగదు. కుళాయి దగ్గర ఒకావిడ, "హ్యాండ్‌బ్రేకంటే చేత్తో లాగేదే కదండీ?" అని తెలియనట్టు అడిగింది. బ్యాంకుకి ఆలస్యంగా వెళితే మేనేజరు, "ఈరోజు బండి లేదా?" అన్నాడు. పని చెడగొట్టిన మనిషి ఇంట్లో కాలు మీద కాలేసుకుని ఉన్నాడు, నేను బస్సు కడ్డీ పట్టుకుని వేలాడుతున్నాను. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, ఆయన చెడగొట్టిన బ్రేకుకి నా కాళ్ళూ చేతులూ దొరికాయి. ఆ వారమంతా నేను తిట్టుకున్నది బావగారినే. మా ఆయన మీద కోపం లేదా అంటే ఉంది, కానీ ఆయన ఎప్పుడూ అన్న ముందు నోరెత్తని మనిషి, మెత్తనివాడు అని సర్దిచెప్పుకున్నాను.

గురువారం చొక్కాలు నానబెడుతూ జేబులు చూస్తే ఆ నోటుబుక్కు దొరికింది. ఆయన బిలాస్‌పూర్‌లో పుట్టి పెరిగినవాడు, తెలుగు రాయడం రాదు. హిందీలో రాసుకుంటారు. శనివారం పేజీలో మూడు వరసలు. వెనక ఎడమ, చెయ్యి పెట్టలేనంత వేడి. వెనక కుడి చల్లన. హ్యాండ్‌బ్రేకు కిందే ఉంది.

ఆ మూడు వరసలూ మళ్ళీ చదివాను. హ్యాండ్‌బ్రేకు లాగి ఉంటే వెనక రెండు చక్రాలూ కాలాలి. ఒక్కటే కాలిందంటే తప్పు ఆ ఒక్కదానిలోనే ఉంది, అంటే బావగారు విప్పిన దానిలో. నాకు తట్టడానికి కాస్త సమయం పట్టింది. ఆయనకి రోడ్డు మీదే తెలుసు. తెలిసి, రాసుకుని, జేబులో పెట్టుకుని, బస్తా మోసుకుంటూ లోపలికి వెళ్ళారు.

ఆ సాయంత్రం నేనేమీ అనలేదు. అంటే అరిచేదాన్ని, అరిస్తే, చూశావా ఆడదాని నోరు, అనేవాళ్ళు. ఆదివారం కోసం ఆగాను.

ఆదివారం బావగారికి పొద్దుటి షిఫ్టు. ఆయన అటు వెళ్ళగానే నేను చీర కొంగు దోపి జాకీ తీశాను. మా ఆయన గాభరాగా వచ్చారు. "అన్నయ్య వచ్చాక సేద్దాం."

"మీరు సీట్లో కూర్చోండి. చెప్పినప్పుడు పెడలు తొక్కాలి, అంతే."

పుస్తకం స్టూలు మీద తెరిచి పెట్టుకున్నాను. చక్రం విప్పాను. కాలిపర్ బోల్టులు రెండూ తీసి, దాని ఆయిలు గొట్టం మీద బరువు పడకుండా ఒక తీగతో స్ప్రింగుకి వేలాడదీశాను. పిస్టన్‌కీ పళ్ళేనికీ మధ్య ఉండే బ్రేకు పలకలు తీశాను, ఒకటి పూర్తిగా మాడిపోయింది. తర్వాత గొట్టం విప్పి, కాలిపర్‌ని ఒళ్ళో పెట్టుకుని పిస్టన్ తిప్పుతూ బయటికి తీశాను. సీలుని అల్లిక సూదితో పైకి లేపాను, స్క్రూడ్రైవరు పెడితే లోపల గీత పడుతుంది. సీలు చేతిలోకి వచ్చింది. రాత్రంతా నానిన శనగబద్దలా ఉంది. దాని గాడిలో అది పట్టడం లేదు. పెట్టెలోంచి కొత్తది తీసి పక్కన పెట్టాను. చూడ్డానికి కళ్ళుంటే చాలు, చదువక్కర్లేదు.

మా ఆయన సీట్లోంచి వంగి చూశారు. "ఉబ్బింది" అన్నారు మెల్లగా.

అటక మీంచి స్పిరిట్ దించి అన్నీ కడిగాను. కొత్త సీలుకి బ్రేకు ఆయిలే రాసి పెట్టి, పిస్టన్ తిప్పుతూ లోపలికి పంపాను. పెట్టెలో ఉన్న కొత్త పలకలు రెండు వైపులా వేశాను. కుడి చక్రం కూడా విప్పి అదే పని చేశాను. చివరికి బ్రేకు ఆయిల్లో చేరిన గాలి తీయడం. ఆస్పత్రిలో సెలైన్‌కి వాడే గొట్టం ఒకటి కాలిపర్ మీది నిపుల్‌కి తగిలించి సీసాలోకి వదిలాను. "తొక్కండి. పట్టండి. వదలండి." ఆయన ప్రతి మాటా తిరిగి చెప్పారు. "తొక్కాను. పట్టాను. వదిలాను." గొంతు ఖంగుమంది. ఆయనకి గొంతు ఉందని నాకు తెలుసు.

ఇంకా చేతులు కడుక్కోలేదు, బావగారు వచ్చేశారు. పెరట్లో పరిచిన పనిముట్లు చూసి మొహం ముడుచుకుని, "ఒరే, ఇదేటిరా?" అన్నారు.

"బావగారూ" అన్నాను.

మా తోటికోడలు గుమ్మంలో గిన్నె పట్టుకుని అలాగే ఉండిపోయింది. పదకొండేళ్ళలో నేను ఆయన్ని పిలవడం అదే మొదలు. ఉబ్బిన సీలూ, పెట్టెలో మిగిలిన కొత్త సీలొకటీ అరచేతిలో పెట్టి చూపించాను.

"ఇది మీరు కడిగి వేసింది. ఇది కొత్తది. కిరసనాయిలు తగిలితే ఇలా అవుతుందని ముందే చెప్పి పంపాను. మీకు తెలుసులే అక్కర్లేదన్నారట. నింద మాత్రం నా మీద వేశారు."

ఆయన రెండూ తీసుకున్నారు. వేళ్ళ మధ్య నలిపి, వాసన చూసి, వెలుతురుకి ఎత్తి చూశారు. పనివాడు పనివాడే, అబద్ధం చెప్పడానికి ఆయన చేతులు ఒప్పుకోలేదు.

"ఇది కిరసనాయిలుకే ఉబ్బింది" అన్నారు. తర్వాత తలెత్తి, మొదటిసారి నా ముఖంలోకే చూసి అడిగారు. "అయితే అమ్మా, వద్దని నాకెవులు సెప్పినారు?"

"స్పిరిట్ సీసా కూడా పంపాను."

"ఏ సీసా? నానిప్పుడే సూస్తన్నాను. తిప్పమని ఒక్క మాట అన్నాడు తమ్ముడు, తిప్పినాను. కిరసనాయిలు ఊసే నేదు. సెప్పుంటే నానెందుకు ముంచుతాను? నాకేటి పిచ్చా?"

ఇద్దరం ఒకేసారి మా ఆయన వైపు తిరిగాం. ఆయన కారు సీట్లోనే ఉన్నారు, కాలు ఇంకా పెడలు మీదే ఉంది.

"షెడ్డు పద్ధతి తప్పంటే అన్నయ్య నొచ్చుకుంటాడని..." అన్నారు. "ఒకటి సెప్పాను కదా."

ఒకటి చెప్పారు. ఎవరికీ నొప్పి కలగనిది ఏరుకుని చెప్పారు. రెండోది మింగి, నా దగ్గరికొచ్చి, చెప్పానన్నారు. వారం రోజులు నేను తిట్టుకున్న మనిషికి అసలు కబురే అందలేదు. నాకు పట్టరాని కోపం వచ్చింది, కానీ దాన్ని పెట్టుకోవడానికి పాత చోటు లేదు. నోటుబుక్కు తెచ్చి ఆయన ఒళ్ళో పెట్టాను. "చదవండి."

చదివారు. వేడి. చల్లన. కిందే ఉంది. బావగారు వింటూ వింటూ తల కిందికి దించారు. "ఇంజన్ మీదైతే ఇలా దాస్తావేటిరా? ఉద్యోగం ఊడదూ?" అన్నారు తమ్ముడితో. మొలతాడుకి కట్టుకున్న తాళం విప్పి, తమ్ముడికి ఇవ్వబోయి, చెయ్యి మార్చి నాకే ఇచ్చారు. "తప్పు నాది కూడా. అడక్కుండా అనేసినాను." అంతకంటే ఆయన్ని నేనేమీ అడగలేదు. ఆ రోజు నుంచి ఆయన నాతో నేరుగానే మాట్లాడారు, టీలో పంచదార సంగతితో సహా.

చక్రాలు బిగించి, రాజ్‌కిశోర్ నగర్ దాకా వెళ్ళి వెనక్కి వచ్చాం, నేనూ మా ఆయనా. బండి నీళ్ళ మీద పడవలా వచ్చింది. దారి పొడుగునా ఆయన మాట్లాడుతూనే ఉన్నారు. తప్పైపోయింది, ఇంకెప్పుడూ అలా చేయను, నువ్వు చెప్పింది చెప్పినట్టు చెబుతాను అని. పెరట్లో ఆపి దిగాక, "చక్రాలు చూసి చెప్పండి" అన్నాను. బావగారు, మా తోటికోడలు అరుగు మీద ఉన్నారు. పక్క క్వార్టరావిడ కూడా గోడ మీంచి చూస్తోంది.

ఆయన కుడి చక్రం మీద చెయ్యి పెట్టారు. "చల్లన."

"గట్టిగా."

"కుడి చల్లన" అన్నారు, ఇంజన్లో అన్నట్టు. ఇటొచ్చి ఎడమ చక్రం పట్టుకుని, వరసంతా వినపడేలా, "ఎడమ చల్లన" అన్నారు. మా తోటికోడలు నవ్వింది. బావగారు, "అలా సెప్పాల" అన్నారు. గొడవ తీరిపోయిందని అందరూ అనుకున్నారు, మా ఆయనతో సహా.

నేను తాళం కొంగున కట్టుకుని లోపలికి వెళ్ళి చేతులకి సబ్బు రాసుకున్నాను. చల్లగా ఉన్న చక్రం గురించి ఎవరైనా గట్టిగానే చెబుతారు.